వదలని చెయ్యి

కిందటి వారం నన్ను నరాల డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉన్నాను, పక్కన మా అన్నయ్యతో, పళ్ళు కొరుక్కుంటూ. మర్చిపోయినవాళ్ళ కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. మాది సర్కస్ బతుకు. అన్నయ్య ఊయలకి మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడుతూ, ఎగిరొచ్చేవాళ్ళని గాల్లో పట్టుకుంటాడు. ఒకప్పుడు ఎగిరింది నేను. భుజం చెడి నేను కిందికి దిగాక నా కూతురు పైకెక్కింది. డేరాలో అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ఆ పిచ్చుక కుడి మణికట్టు మీద కమిలిపోయిన వేళ్ళ గుర్తులు నా కంటబడ్డాయి. అడిగితే అది నోరు విప్పదు, అన్నయ్యనడిగితే నవ్వేస్తాడు.

అసలే ఆమధ్య ఆ మేనమామకీ మేనకోడలికీ మాటామాటా పెరిగింది. ఆ కసి పిల్ల చేతిమీద తీర్చుకుంటున్నాడేమోనని నా అనుమానం. కానీ ఇంకో రెండు సంగతులు నన్ను తికమక పెట్టాయి. గాజు గ్లాసు ఒకటి అన్నయ్య చేతిలోనే పగిలింది. ఇంకోరోజు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డవాడు దిగాల్సిన చోట దిగలేదు, ఊరి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. నిద్రపట్టేసిందన్నాడు. నిలబడి నిద్రపోయే మనిషి కాదు మా అన్నయ్య. అందుకే చెవి పట్టుకున్నంత పని చేసి ఆసుపత్రికి లాక్కొచ్చాను. పొద్దున్నే తలకి ఫోటోలు తీశారు. ఇప్పుడు లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ చిన్నదే. నా కూతురికి అక్కలా ఉంది. బల్లమీద ఒక పరికరం పెట్టింది. ఇనప పిడి, దాని తలమీద ముల్లు తిరిగే గడియారం లాంటిది. పిడిని బలమంతా పెట్టి నొక్కమంది. అన్నయ్య ముందు ఎడమ చేత్తో నొక్కాడు. ముల్లు బాగానే లేచింది. తర్వాత కుడి చేత్తో నొక్కాడు. ముల్లు గిర్రున తిరిగి చివరిదాకా వెళ్ళిపోయింది. పక్కనున్న నర్సు "అమ్మో!" అనేసింది.

అన్నయ్య మొహం చూడాలి. మీసం కింద నవ్వు దాచుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు.

"చూశావా?" అన్నాడు నాతో. "పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేశావు. ఇప్పుడేమంటావ్?"

నిజం చెప్పొద్దూ, నాకూ గుండె మీంచి బండ దింపినట్టయింది. మా పనిలో పట్టేవాడికి ఉండాల్సిందల్లా పట్టే కదా. అది ఉంటే ఇంకేం కావాలి? లేచి చెప్పులు వేసుకోబోయాను కూడా.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. అన్నయ్య కుడి చెయ్యి వెల్లకిలా తిప్పించింది. "మీరేం చెయ్యొద్దు. నా వేలు మాత్రం పట్టుకోవద్దు. సరేనా?" అని తన వేలితో అరచేతి మధ్య నుంచి వేళ్ళ వైపు మెల్లగా రాసింది.

అన్నయ్య వేళ్ళు ముడుచుకున్నాయి. ఆమె వేలు లోపల ఇరుక్కుపోయింది.

"పట్టుకోవద్దన్నాను కదండీ."

"సారీ అమ్మా. అలవాటు. పట్టేవాణ్ణి కదా!" అని పెద్దగా నవ్వాడు అన్నయ్య.

"ఫర్వాలేదు. వదిలెయ్యండి."

అన్నయ్య నవ్వు అలాగే ఉంది. వేళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

"వదలండి" అంది ఆమె మళ్ళీ, ఇంకా మెత్తగా. వేలు లాక్కోబోయింది. లాగే కొద్దీ పట్టు ఇంకా బిగిసింది. ఆమె వేలి కొస తెల్లబడిపోయింది. అన్నయ్య మెడమీద నరాలు తేలాయి, నుదుటి మీద చెమట పట్టింది. మనిషంతా వదలాలని చూస్తున్నాడు, ఆ ఒక్క చెయ్యి మాత్రం నాకేం సంబంధం లేదన్నట్టు పట్టుకునే ఉంది. నర్సు వచ్చి ఆ చేతి వెనక భాగాన్ని పెన్ను మూతతో గీసింది. వెంటనే వేళ్ళు విచ్చుకున్నాయి.

నేను మళ్ళీ కూర్చున్నాను.

డాక్టరమ్మ వేలు రుద్దుకుంటూ చెప్పింది. "బలం ఉండేది కండలోనే. కానీ ఎంత బిగించాలి, ఎప్పుడు ఆపాలి అని చెప్పేది మెదడు. మీరు నీళ్ళ గ్లాసు పట్టుకున్నారనుకోండి. జారిపోకుండా ఎంత కావాలో అంతకి రవ్వంత ఎక్కువ బిగిస్తారు, అంతే. నీళ్ళు పోస్తున్న కొద్దీ మీకు తెలీకుండానే పట్టు పెరుగుతుంది, తాగుతున్న కొద్దీ తగ్గుతుంది. చర్మం కబురు పంపుతుంది, మెదడు దానికి సరిపడా జవాబు పంపుతుంది. రోజంతా జరిగేదే ఇది."

"మరి మావాడికి బలం ఎక్కువే ఉందిగా తల్లీ" అన్నాను.

"బలం ఎక్కువవలేదమ్మా. అదుపు తగ్గింది. పసిబిడ్డ అరచేతిలో వేలు పెడితే ఏం చేస్తుంది?"

"గట్టిగా పట్టుకుంటుంది."

"వదలమంటే?"

"దానికేం తెలుసు, పసిది."

"తెలీదు. పెరుగుతున్న కొద్దీ మెదడు ముందు భాగం ఆ అలవాటుని అణిచి ఉంచుతుంది. అలవాటు ఎక్కడికీ పోదు, లోపల నిద్రపోతూ ఉంటుంది. ఇదిగో, ఇక్కడ..." అని గోడకున్న దీపపు పలక మీద తల ఫోటో పెట్టింది. ఎడమ వైపు ముందుభాగాన తెల్లగా, గుండ్రంగా, నిమ్మకాయంత ఉంది. "కుడి చేతిని అదుపులో పెట్టేది ఎడమ వైపు మెదడు. సరిగ్గా అక్కడే ఈ గడ్డ కూర్చుని నొక్కుతోంది. దాంతో అణిచి ఉంచినదల్లా మేలుకుంది. అరచేతికి ఏది తగిలినా ఈ చెయ్యి పట్టేస్తుంది. ఆయన వదలమంటే వినదు."

"తీసెయ్యొచ్చా?" అన్నాడు అన్నయ్య.

"తియ్యొచ్చు. ఆలస్యం చెయ్యకపోతే. ఇవాళే చేరండి. అప్పటిదాకా డ్రైవింగ్ వద్దు, నిచ్చెనలు ఎక్కొద్దు. మీ పనేంటన్నారు?"

చెప్పాం. ఆమె కలం పక్కన పెట్టేసింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

ఇక్కడ మా డేరా పద్ధతి ఒకటి మీకు చెప్పాలి, లేకపోతే నేనెందుకంత భయపడ్డానో మీకు తెలీదు. ప్రతి ఆటకి ముందూ నేల పట్టు అని ఒకటి చేస్తాం. పట్టేవాడు, ఎగిరే మనిషి ఎదురెదురుగా నిలబడి మణికట్లు పట్టుకుంటారు. ఎగిరే మనిషి విడిపించుకోవాలని గుంజుతుంది. విడిపించుకోలేకపోతే ఆట ఖాయం. పెద్దాయన, అంటే మా కంపెనీ యజమాని, దగ్గరుండి చూస్తాడు. మా అమ్మానాన్నల కాలం నుంచీ అదే పద్ధతి. పట్టు చాలుతుందా లేదా అని చూశాం గానీ, వదలడం వచ్చా రాదా అని ఒక్కనాడైనా ఒక్కరమైనా చూసిన పాపాన పోలేదు. వదలడం కూడా ఒక పనేనా అనుకున్నాం. గాల్లో ప్రాణం నిలబెట్టేదేమో అదే. పట్టుకున్న మనిషితో ఊయల వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళే మలుపులో పట్టేవాడు రెండు చేతులూ ఒక్కసారే విప్పాలి. ఒక్క రెప్పపాటు ఆలస్యమైనా ఎగిరే మనిషి తన ఊయల కర్రని తిరిగి అందుకోలేదు. ఎటు విసిరేస్తుందో ఊయలకే తెలీదు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. వరండాలో జనం వస్తున్నారు, పోతున్నారు. చక్రాల కుర్చీ ఒకటి కీచుమంటూ మా ముందు నుంచి వెళ్ళింది.

"పెద్దాయనకి ఫోన్ చేస్తున్నాను. ఇవాళ్టి మధ్యాహ్నం ఆటలో ఊయల లేదని చెప్పేస్తాను" అన్నాను.

"ఆగవే."

"ఏంటి ఆగేది? విన్నావుగా ఆ అమ్మాయి చెప్పింది! నా కూతురు చెయ్యి నలిగిపోయిందిరా, నువ్వు కావాలని చేశావేమోనని నిన్ను మనసులో నానా మాటలూ అనుకున్నాను."

అన్నయ్య నేల చూపులు చూస్తూ కుడి చేతిని ఒళ్ళో బోర్లించుకున్నాడు. ఆ చేతి వెనక, మణికట్టుకి కాస్త పైన, గోటి గాట్లు కనబడ్డాయి. పాతవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి. తాళ్ళు గీసుకున్నాయేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఎవరు గీశారివి?"

చేతిని చొక్కా కింద దాచుకోబోయాడు.

"అన్నయ్యా, ఎవరు గీశారని అడుగుతున్నాను."

"పిచ్చుక" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది, కానీ అవడానికి ఇష్టపడలేదు.

"దానికి తెలుసే" అన్నాడు మెల్లగా. "ముందు కనిపెట్టింది అదే. ఒకరోజు సాధన చేస్తుంటే వదలాల్సిన చోట వదల్లేదు నేను. ఊయల ఆగేదాకా అలాగే వేలాడాం ఇద్దరం. కింద వల ఉంది, ఎవరూ లేరు. భయపడి నా చేతిని రక్కేసింది. రక్కగానే విడిపోయింది. అప్పట్నుంచీ మలుపు దగ్గరకి రాగానే బొటనవేలి గోటితో గీస్తుంది. సరిగ్గా అప్పుడే వదిలేస్తాను. ఒక్కసారి కూడా తప్పలేదు."

"ఒక్కసారి కూడా తప్పలేదా!" అన్నాను. "నా కడుపున పుట్టిన పిల్ల, రోజూ నీ చేతుల్లోకి చావుకి ఎగురుతోందా? నాకు చెప్పకుండానా?"

"అదే చెప్పొద్దంది. అమ్మకి చెప్తే నిన్ను కిందికి దించేస్తుంది మావయ్యా అంది. నువ్వు దిగిన రోజు నీ మొహం ఎలా ఉందో అది చూసింది. నా మొహం అలా చూడలేనంది. దానికీ నాకూ గొడవ అయింది దాని గురించే. నేను ఆపేద్దామంటే అది వద్దంది."

ఏడుపు రాలేదు నాకు. ఒళ్ళు మండింది. ఇద్దరూ ఇద్దరే! ఒకళ్ళ మీద ఒకళ్ళకి ప్రేమట! ఆ ప్రేమకి నా పిల్ల నడుం విరిగితే ఎవడొచ్చి అతికిస్తాడు? ఆ మాటే అన్నాను, వరండా అంతా తిరిగి చూసేటట్టు అన్నాను. అన్నయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. చిన్నప్పుడు నాన్న చేత తిట్లు తిన్నప్పుడు కూడా ఇలాగే వంచుకునేవాడు. అది చూసి నా కోపం సగం చచ్చిపోయింది.

"నాకు మాటివ్వు" అన్నాను. "పైకెక్కనని చెప్పు."

"ఎక్కను."

"చేతిలో చెయ్యేసి చెప్పు."

వేశాడు. కుడి చెయ్యే వేశాడు, అలవాటు కొద్దీ. నా వేళ్ళు ఆ గుప్పిట్లో పటపటమన్నాయి. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గియ్యవే" అన్నాడు. నా రెండో చేతి గోటితో ఆ గాట్ల మీదే గీశాను. వదిలింది.

మంచం దొరకడం కోసం నేను కింది అంతస్తుకి వెళ్ళాను. అక్కడ కిటికీ వెనకున్న మనిషి ఆ కాగితం కావాలంటాడు, ఈ సంతకం కావాలంటాడు. అన్నీ ముగించుకుని పైకి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. మరుగుదొడ్డికి వెళ్ళాడేమోనని చూశాను. లేడు. నేల తుడుస్తున్నావిణ్ణి అడిగాను.

"పెద్ద మీసాలాయనా? గబగబా వెళ్ళిపోయాడమ్మా. ఆటకి వేళవుతోందన్నాడు."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు వేసుకోరు.

పిచ్చుకకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆటకి ముందు ఫోన్లన్నీ మొహానికి పూసుకునే రంగుల పెట్టెలో పడేస్తారు. పెద్దాయనకి చేశాను. ఎత్తగానే ఆయనే అందుకున్నాడు.

"ఏమ్మా, అన్నయ్యకి బ్రహ్మాండంగా ఉందటగా! మెషీన్ ముల్లు చివరిదాకా తిరిగిందట! ఇప్పుడే నేల పట్టు చూశాను. పిల్ల గింజుకున్నా ఊడలేదు. ఉక్కు, ఉక్కు!"

"బాబుగారూ, ఆట ఆపండి! వాడికి తలలో..."

వెనక బ్యాండు మొదలైంది. "వినబడట్లేదమ్మా, వచ్చాక మాట్లాడదాం" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

టాక్సీలో నేను డ్రైవరు ప్రాణం తీశాను. ఎర్రదీపం దగ్గర ఆగితే కిటికీలోంచి తల బయటపెట్టి ముందున్న బండినీ తిట్టాను. నాకు వేరే ఆలోచన లేదు. గోరు, చెమట, గోరు, చెమట. డేరాలో మధ్యాహ్నం ఎంత ఉక్కగా ఉంటుందో నాకు తెలుసు. పైన, దీపాల పక్కన, ఇంకా ఉక్క. సుద్దపొడి రాసుకున్నా చర్మం తడిసిపోతుంది. తడిసిన చర్మం మీద గోరు జారితే?

పక్క గుమ్మంలోంచి డేరాలోకి దూరాను. జోకర్ ఎదురొచ్చాడు, సగం రంగు మొహంతో. "అక్కా, ఇవాళ మీ అన్నయ్య మంచి ఊపు మీదున్నాడు!" అన్నాడు. వాణ్ణి తోసుకుని ముందుకెళ్ళాను.

మైకులో పెద్దాయన గొంతు. "ఈ ఉదయమే పెద్ద ఆసుపత్రిలో పరీక్షించిన వైద్యులే నోరు వెళ్ళబెట్టిన పట్టు! ఉక్కు పట్టు! చూడండి!"

పైకి చూశాను. అన్నయ్య వేలాడుతున్నాడు. పిచ్చుక ఎదుటి స్తంభం మీది పలక మీంచి తన కర్ర పట్టుకుని అప్పుడే దూకేసింది. దూకాక ఇక ఎవరేం చెయ్యగలరు? గాల్లో చుట్ట తిరిగి, చేతులు చాచి వచ్చింది. అన్నయ్య పట్టుకున్నాడు. కుడి చేత్తో కుడి మణికట్టు, ఎడమ చేత్తో ఎడమ మణికట్టు. చప్పట్లు. ఇద్దరూ కలిసి వెళ్ళారు, వెనక్కి వచ్చారు, మలుపు దగ్గరికి వెళ్ళారు.

అన్నయ్య ఎడమ చెయ్యి విప్పాడు. కుడి చెయ్యి విప్పలేదు. చెమటకి పిల్ల గోరు జారినట్టుంది.

పిల్ల ఒక్క చేతి మీద గిర్రున తిరిగింది. అంత బరువూ ఒక పక్కకి లాగేసరికి ఊయల దారి తప్పింది. తిన్నగా వెళ్ళాల్సింది ఏటవాలుగా ఊగడం మొదలెట్టింది. ఒక కొస వల మీదికి వస్తోంది, ఇంకో కొస వల దాటి, బ్యాండువాళ్ళ ఇనప స్టాండ్ల మీదికి పోతోంది. జనానికేం తెలుసు, ఇదో కొత్త విద్య అనుకుని ఈలలు వేస్తున్నారు.

నాకు మాత్రం ఒక్కటే అర్థమైంది. ఇప్పుడా చెయ్యి వదలకూడదు. ఊగి ఊగి ఊయల తనంతట తాను ఆగేదాకా, ఆగి వల మీదికి వచ్చేదాకా, ఆ జబ్బు చెయ్యి నా బిడ్డని పట్టుకునే ఉండాలి. ఇందాకటి దాకా ఏ చెయ్యి వదలాలని మొక్కుకున్నానో ఆ చెయ్యే వదలొద్దని మొక్కుకున్నాను.

పిచ్చుకకి ఇదేం తెలీదు. దాని వీపు బ్యాండు వైపు ఉంది, తను ఎక్కడుందో దానికి కనబడదు. దానికి తెలిసిందల్లా ఒకటే, మావయ్య చెయ్యి వదల్లేదు, మళ్ళీ గియ్యాలి. ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి పైకి లేపింది. అన్నయ్య చేతి వెనక్కి చాచింది.

పైనున్నవాళ్ళని కింది నుంచి కేకెయ్యకూడదు. నడక రాకముందే మాకు నేర్పే మాట అది. నేను కేకేశాను. పేగులు తెగేటట్టు కేకేశాను.

"ఒద్దే తల్లీ! గియ్యకు!"

బ్యాండు ఆగిపోయింది. పిచ్చుక విన్నది. గోరు తగలబోయే చోట దాని చెయ్యి ఆగింది. మెడ తిప్పి నన్ను చూసింది, కింద ఇనప స్టాండ్లని చూసింది, చెయ్యి దించేసుకుంది. నా తల్లే, నా బంగారమే అనుకున్నాను.

నేను ఎగిరిన అన్ని సంవత్సరాలూ మలుపు దగ్గర కేక నాదే. మా జంటలో అదే పద్ధతి. అన్నయ్య కళ్ళతో చూసి వదిలేవాడు కాదు, నా గొంతు వినబడగానే వదిలేవాడు. ఆలోచించేవాడు కూడా కాదు. నా గొంతు వినబడాలి, చేతులు విచ్చుకోవాలి, అంతే. అది నాకు గుర్తొచ్చేసరికి కేక నా నోరు దాటిపోయింది.

అన్నయ్య నా వైపు చూశాడు. తలకిందులుగా ఉన్న ఆ మొహంలో, వద్దు వద్దని తన చేతినే బతిమాలుకుంటున్న మనిషి కనబడ్డాడు.

ఊయల వల దాటింది. ఇన్నాళ్ళూ అతని మాట వినని ఆ చెయ్యి నా గొంతు విన్నది. విచ్చుకుంది.